జింక ఫొటో, ఐదు రూపాయల దరఖాస్తు

పిల్లలూ,

ఈ ఉత్తరం రాయాలని ఉగాది నుంచి అనుకుంటున్నాను. 2025 మార్చి 30, ఆదివారం. ఇంటర్ పరీక్షలు అయిపోయి మా మనవరాలు పండక్కి ఇంటికొచ్చింది. వాళ్ల నాయనమ్మ వేడివేడి భక్ష్యాలు నెయ్యి వేసి ముందు పెడితే పిల్ల చెయ్యి పెట్టలేదు. కళ్లు ఫోన్లోనే ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనే ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో చెట్లు కొట్టడానికి జేసీబీలు దిగాయి. అడ్డుకోబోయిన విద్యార్థుల్ని పోలీసులు వ్యాన్లలోకి ఎక్కిస్తున్నారు. "తాతా, ఒక్కసారి విను, నెమళ్లు ఎట్లా అరుస్తున్నాయో" అని ఫోన్ తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది.

నేను ముప్పై ఐదేళ్లు బడిలో సోషల్ చెప్పాను. హక్కుల పాఠం వచ్చిందంటే కిటికీలోంచి బయటికి చూసే పిల్లలే ఎక్కువ. అట్లాంటిది పండగ పూట అన్నం ముందు కూర్చుని "ఆ 400 ఎకరాలు ఎవరివి? సెలవు రోజుల్లోనే ఎందుకు కొడుతున్నారు? కోర్టు ఆపలేదా?" అని ఒక పదిహేడేళ్ల పిల్ల వరసపెట్టి అడుగుతుంటే నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఫోన్లు మిమ్మల్ని పాడుచేస్తున్నాయని మీ ఇళ్లలో పెద్దవాళ్లు అంటుంటారు కదా, నేను ఆ మాట అనను. ఆ రోజు మా ఇంటికి రాజకీయం ఫోన్లోనే వచ్చింది.

మా కాలం సంగతి కొంచెం చెప్పాలి. 1969లో, తెలంగాణ ఉద్యమం నడుస్తున్నప్పుడు, నేను తొమ్మిదో తరగతి. హైదరాబాద్‌లో ఏం జరిగిందో మా గద్వాల వైపు తెలియడానికి ఒకటి రెండు రోజులు పట్టేది. రేడియోలో ఒక ముక్క, బస్సులో వచ్చిన పేపర్లో ఇంకో ముక్క. నీళ్లలో జాజు కలిపి బడి గోడ మీద 'జై తెలంగాణ' అని రాసింది మేము నలుగురం. ఊరంతా కలిసి మూడొందల గడప ఉంటుందేమో, ఆ రాత చదివింది ఆ గడపలే. కానీ ఆ నలుగురం రోజూ కలిసేవాళ్లం. ఒకడికి జ్వరం వస్తే మిగతా ముగ్గురికీ తెలిసేది. ఇప్పుడు మీరు ఒక్క పూటలో లక్షమందిని పోగు చేయగలరు. వారం తిరిగేసరికి ఆ లక్షమందిలో ఎవరు ఎక్కడున్నారో మీకే తెలియదు. నన్ను కలవరపెట్టేది ఇదొక్కటే.

మళ్లీ గచ్చిబౌలి దగ్గరికొస్తాను. పండగైన రెండు రోజులకి మనవరాలు ఇంకో ఫొటో చూపించింది. కాలిపోతున్నట్టు నారింజ రంగు ఆకాశం, వెనక వరసగా జేసీబీలు, ముందు ఒక జింక, దాని కంట్లో నీళ్లు. చూడగానే నాకూ గుండె కలుక్కుమంది. ఎందుకో అనుమానమొచ్చి, కొంచెం పెద్దది చేసి చూపించమన్నాను. జింక ముందు కాలు రెండు చోట్ల వంగి ఉంది. జేసీబీ మీద రాసిన అక్షరాలు తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు, ఏ భాషా కాదు. అది ఏఐతో చేసిన బొమ్మ. పిల్ల అప్పటికే దాన్ని మూడు గ్రూపుల్లో పెట్టేసింది. ముఖం ఇంత చేసుకుని "అయినా తాతా, చెట్లు కొట్టింది నిజమే కదా" అంది.

నిజమే. నూరెకరాల దాకా చెట్లు నేలకూలాయి. అందుకే ఆ బొమ్మ మీద నాకంత బాధ. భూమి ప్రభుత్వానిదేనని 2024లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేలింది కాబట్టి మా భూమి మా ఇష్టమని అప్పుడు ప్రభుత్వం వాదించింది. అడవిని, అందులో బతికే జీవాలను అట్లా కొట్టేయకూడదని విద్యార్థులు అన్నారు. అసలు తేలాల్సింది అది. ఈ జింక బొమ్మలు తిరగడం మొదలయ్యాక మాటంతా వాటి మీదికి మళ్లింది. అంతా ఏఐ అబద్ధాలేనని ప్రభుత్వం అంది, పోలీసులు కేసులు పెట్టారు. నిజంగా అక్కడ నిలబడి తీసిన వీడియోల్ని కూడా జనం అనుమానంగా చూశారు. నిజం మన పక్కనే ఉన్నప్పుడు దానికి రంగు పూయాల్సిన పనేముంది?

ఆ సాయంత్రం మనవరాలు ఒక పని చేసింది. మూడు గ్రూపుల్లోనూ "పొద్దున నేను పెట్టిన జింక ఫొటో నిజం కాదు, దయచేసి ఎవరికీ పంపకండి" అని రాసింది. ఇద్దరు వెక్కిరించారు. ఒకరు థాంక్స్ చెప్పారు. మిగతావాళ్లు చూసి ఊరుకున్నారు. ఆ నాలుగు మాటలు టైపు చేయడానికి దానికి పావుగంట పట్టింది. రాస్తూ, చెరుపుతూ, నా వైపు చూస్తూ. ఆ పావుగంట నేను మరిచిపోను.

ఏప్రిల్ 2న హైకోర్టు పనులు ఆపమంది. 3న సుప్రీంకోర్టు తనంతట తాను కేసు తీసుకుని, హైకోర్టు రిజిస్ట్రార్‌ను ఆ రోజే అక్కడికి వెళ్లి కళ్లారా చూసి రమ్మంది. ఆయన నివేదిక చూశాక చెట్లు కొట్టడం పూర్తిగా ఆపించింది. ఒక మనిషి వెళ్లి, నిలబడి, చూసి రాసిన కాగితమది. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. ఆ క్యాంపస్‌లో విద్యార్థులు, పరిశోధకులు ఏళ్ల తరబడి పొద్దున్నే లేచి పక్షుల్ని లెక్కపెట్టి రాసుకున్నారు. అక్కడ కనిపెట్టిన ఒక సాలీడుకు మురిసియా హైదరాబాదెన్సిస్ అని మన హైదరాబాద్ పేరే పెట్టారు. గొడవ మొదలయ్యే నాటికే ఆ లెక్కలు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి, ఇది ఉత్త పొదల భూమి అన్నవాళ్లకి జవాబు దొరికింది. వీడియోలు దేశం కళ్లు అటు తిప్పాయి. ఆ కళ్లకి చూపించడానికి నోటు పుస్తకాలున్నాయి.

గ్రూపులో ఒక ఫొటో పెట్టినందుకు ఇంత దూరం చెప్పాలా అనిపించొచ్చు. మా జిల్లాలో ఉన్నవాళ్లకి అట్లా అనిపించదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు లేచింది. మా పక్క ఊళ్లలో మగవాళ్లు రాత్రిళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశారు. అట్లాంటి పుకార్లకే దేశంలో చాలాచోట్ల, హైదరాబాద్‌లో కూడా, ఏ పాపం తెలియని మనుషుల్ని కొట్టి చంపారు. మా జోగులాంబ గద్వాల జిల్లాకి అప్పుడు ఎస్పీ రెమా రాజేశ్వరి గారు. కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, అది అబద్ధమని ఇంటింటికీ చెప్పించారు. ఇక్కడ ప్రాణం పోలేదు. ఆ ఏడాదే వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది.

ఫోన్ మీకు ఏం చూపిస్తుందో కూడా ఆలోచించండి. రచ్చబండ మీద మనకి నచ్చనివాడూ కూర్చునేవాడు, వాడి మాటా చెవిన పడేది. ఫోన్లో మీరు దేని మీద ఎక్కువసేపు ఆగితే దాన్నే మళ్లీ మళ్లీ తెచ్చి పెడుతుంది. కోపమొచ్చినప్పుడు మనిషి ఎక్కువసేపు ఆగుతాడు. అందుకని కోపం తెప్పించేవే వస్తుంటాయి. నెల రోజులు అట్లా గడిస్తే లోకమంతా మీలాగే అనుకుంటోందనిపిస్తుంది. ఎదుటి పార్టీవాడు మనిషే కాదనిపిస్తుంది. ముఖ్యంగా ఆడపిల్ల ఎవరైనా రాజకీయం మాట్లాడితే కింద ఎట్లాంటి రాతలు రాస్తారో మీకు తెలుసు. అవి చూసి మీరు ఊరుకోకండి.

2017 జనవరిలో రెండు బీచ్‌లలో జరిగింది చెప్తాను. చెన్నై మెరీనాలో జల్లికట్టు, అంటే ఎద్దుల్ని లొంగదీసే ఆట, మీద నిషేధం ఎత్తేయాలని కుర్రకారు వాట్సాప్, ఫేస్‌బుక్ పిలుపులతో చేరి వారం రోజులు కదల్లేదు. చుట్టుపక్కలవాళ్లు అన్నం, నీళ్లు తెచ్చిచ్చారు. అసెంబ్లీ చట్టం చేసింది. అది చూసి మన ఆంధ్ర కుర్రవాళ్లు ప్రత్యేక హోదా కోసం జనవరి 26న విశాఖ ఆర్కే బీచ్‌లో మౌనంగా నిలబడదామని ఫోన్లలో పిలుపిచ్చుకున్నారు. తేదీ, చోటు అందరికీ తెలిసేట్టు పెట్టారు కాబట్టి పోలీసులకీ తెలిసింది. ఆ రోజు బీచ్ నిండా ఖాకీ బట్టలే. వచ్చినవాళ్లను వచ్చినట్టు పట్టుకెళ్లారు. ఆ పిల్లల మనసు మంచిదే. పిలుపుకీ ఆ రోజుకీ మధ్య ఉన్న రోజుల్లో అనుమతి సంగతి, వకీలు సంగతి, అక్కడ ఆపితే మర్నాడు ఏం చేయాలన్న సంగతి కూర్చుని మాట్లాడుకునే వ్యవధి వాళ్లకి దొరకలేదు.

ఇంకొకటి. మీరు ఈరోజు ఫేస్‌బుక్‌లో ప్రభుత్వాన్ని ప్రశ్నిస్తూ నాలుగు మాటలు రాయగలుగుతున్నారంటే దాని వెనకా ఒక అమ్మాయి ఉంది. 2012 నవంబరులో శివసేన నాయకుడు బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబయి మూతపడితే, పాల్ఘర్‌లో ఒకమ్మాయి ఇట్లా బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో రాసింది. ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది. ఇద్దర్నీ అరెస్టు చేశారు. ఆన్‌లైన్లో నొప్పించే రాతలు రాశారని ఐటీ చట్టంలో 66ఏ అనే సెక్షన్ కింద అప్పట్లో మూడేళ్ల దాకా జైలు వేయొచ్చు. ఆ అరెస్టుల్ని దేశమంతా ఫోన్లలో తిట్టింది. శ్రేయా సింఘాల్ అనే అమ్మాయి, లా చదవబోతోంది, ఆ సెక్షన్ రాజ్యాంగానికి విరుద్ధమని నేరుగా సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. 2015 మార్చి 24న కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ఇద్దరు జడ్జీల్లో ఒకరు మన కృష్ణా జిల్లాకి చెందిన జాస్తి చలమేశ్వర్ గారు.

ఇవన్నీ పెద్ద పెద్ద సంగతులు. మా ఊళ్లో జరిగింది చెప్తే మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. మూడేళ్ల కిందట మా హైస్కూల్లో ఆడపిల్లల టాయిలెట్లకి నీళ్లు లేవు. నా దగ్గర చదివి డిగ్రీకి వెళ్లిన ఐదుగురు పిల్లలు రీల్ తీశారు. తాళం వేసిన తలుపు, ఎండిన ట్యాంకు, సగంలో విరిగిన పైపు. వేల మంది చూశారు. కామెంట్లలో ఒక పార్టీవాళ్లు ఇంకో పార్టీని తిట్టారు. వారం గడిచింది, పైపు విరిగినట్టే ఉంది. పిల్లలు నా దగ్గరికొచ్చి "ఎవరూ పట్టించుకోలేదు సార్" అన్నారు, కళ్లనీళ్లతో.

కూర్చోబెట్టి తెల్ల కాగితం ఇచ్చాను. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. మన దగ్గర గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. నిందలేమీ రాయొద్దన్నాను. మూడే ప్రశ్నలు రాశారు. ఈ పనికి ఎంత మంజూరైంది, పని ఎప్పుడు పూర్తయినట్టు రాశారు, బిల్లు ఎంత చెల్లించారు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, రాలేదు. ముప్పై ఒకటో రోజు అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలు పెట్టారు. తర్వాత పది రోజులకి కవరొచ్చింది. లోపల ఒకే పేజీ. పని పూర్తి, బిల్లు చెల్లింపు పూర్తి.

ఆ పేజీ పట్టుకుని గ్రామసభకి వెళ్లారు. కొత్త పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి సభ పెట్టాలి, మనం వెళ్లం అంతే. వాళ్లలో ఒకమ్మాయి లేచి నిలబడింది. కాగితం చేతిలో వణుకుతోంది. ఎవర్నీ ఒక్క మాట అనకుండా ఆ పేజీ ఉన్నదున్నట్టు చదివి, దాని పక్కనే ఫోన్లో ఆ విరిగిన పైపు వీడియో పెట్టి చూపించింది. సభలో చప్పుడు లేదు. వెనక నుంచి ఒక ముసలామె "మా మనవరాలు మధ్యాహ్నం నీళ్లు తాగకుండా వస్తది సారూ, బడిలో పోనీకి లేదని" అంది. ఇరవై రోజుల్లో కొత్త పైపు పడింది. అదే రీల్, అదే పైపు. ఈసారి దాని పక్కన ఐదు రూపాయల కాగితం ఉంది, చదివిన అమ్మాయి ఉంది, మాట కలిపిన ముసలామె ఉంది.

చివరగా ఓటు సంగతి. 1989లో ఓటు వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి తగ్గించారు. ఆ నవంబరు ఎన్నికల్లో నాకు పోలింగ్ డ్యూటీ, వేలికి సిరా పెట్టే పని. ఎడమచేతి చూపుడు వేలు చాపమంటే ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడి వేలు గడగడా వణికింది. నేనే పట్టుకుని గీత గీశాను. ముద్ర వేసి బయటికొచ్చి, ఆరిందో లేదోనని ఎండలో వేలు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

మా మనవరాలికి సెప్టెంబరులో పద్దెనిమిది నిండుతాయి. ఇప్పుడు ఏడాదిలో నాలుగు తేదీల్లో ఓటరుగా చేరొచ్చు, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తారీఖులు. పదిహేడు దాటితే ముందుగానే అప్లై చేయొచ్చు. ఫోన్లోనే ఫారం 6 నింపింది. ఫొటో సరిగ్గా రాలేదని మూడుసార్లు దిగింది. మొన్న బూత్ లెవల్ ఆఫీసర్ ఇంటికొచ్చి కాగితాలు చూసి వెళ్లింది. ఆమె మా ఊరి అంగన్వాడీ టీచరే, ఈ పిల్లకి అక్షరాలు దిద్దించింది. కార్డు ఇంకా చేతికి రావాలి. రోజూ మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడి పోస్టుమ్యాన్‌ని అడుగుతోంది.

ప్రేమతో,
మీ తాత