తడిసిన పుస్తకం పోయినట్టేనా? లైబ్రరీలు, విపత్తులు: అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఒక కాలేజీ లైబ్రరీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాను. అక్టోబరు వచ్చిందంటే ఈ ఊళ్లో అందరి చూపూ బంగాళాఖాతం మీదే ఉంటుంది. లైబ్రరీలో పనిచేసేవాళ్లం మాత్రం శ్లాబు వంకా కిటికీల వంకా కూడా చూస్తాం. వేరే కాలేజీల లైబ్రేరియన్లతో మాట్లాడినా, కొత్తగా చేరిన అటెండర్లకు పని నేర్పినా కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి. వాటిని నమ్మడం వల్ల బతకాల్సిన పుస్తకాలు చెత్తలోకి పోయాయి. అందుకే ఒక్కొక్కటీ రాస్తున్నాను.

అపోహ: విపత్తు వస్తే లైబ్రేరియన్ చూసుకుంటారు. వాచ్‌మన్‌కీ స్వీపర్‌కీ శిక్షణ ఎందుకు?

హుద్‌హుద్ తుపాను తీరం దాటింది 2014 అక్టోబరు 12న. ఆ రోజు ఆదివారం. కాలేజీకి సెలవు. నేను ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో తలుపుకి మంచం అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. కరెంటు లేదు, కాసేపటికి సెల్‌ఫోన్లూ పనిచేయలేదు. లైబ్రరీ దగ్గర ఉన్నది వాచ్‌మన్ ఒక్కడే. మేం కష్టపడి ఇంగ్లీషులో తయారుచేసిన అత్యవసర ప్రణాళిక నా టేబుల్ సొరుగులో తాళం వేసి ఉంది.

మధ్యాహ్నం వేళ ఉన్నట్టుండి గాలి ఆగింది. తుపాను కన్ను, అంటే గాలి లేని దాని నడిబొడ్డు, ఊరి మీదికి వచ్చింది. చాలామంది అయిపోయిందనుకుని రోడ్ల మీదికి వచ్చారు. మా వాచ్‌మన్ మాత్రం జాలరి కుటుంబంలో పుట్టినవాడు. పొద్దుటి నుంచి వీచిన గాలికి ఎదురు దిక్కున ఉన్న కిటికీల దగ్గరికి వెళ్లి, వాటి కింది రాక్‌లలోని పుస్తకాలను చేతికి అందినన్ని హాలు మధ్యకు మోశాడు, పైన టార్పాలిన్ కప్పాడు. కాసేపటికే గాలి అటు నుంచే కొట్టింది, ఆ కిటికీల అద్దాలన్నీ లోపలికి వచ్చి పడ్డాయి. మర్నాడు నేను అడిగితే, "గాలి ఆగిపోనాదని సంబరపడకూడదమ్మా, మళ్లీ ఎదురొస్తాది" అన్నాడు, అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. నాకు తెలియదు. మా ప్రణాళికలో కూడా లేదు.

ఆ తర్వాత శిక్షణ పద్ధతే మార్చేశాం. ఆ గంటలో తాళం చెవి ఎవరి దగ్గర ఉంటే వాళ్లే లైబ్రేరియన్ అనుకుని మొదలుపెడతాం. ఏడాదికి రెండుసార్లు, వానాకాలం ముందు ఒకసారి, అక్టోబరుకి ముందు ఒకసారి, అందరం పూట సేపు కూర్చుంటాం. కాంట్రాక్టు అటెండర్లు, స్వీపర్లు, రాత్రి వాచ్‌మన్ సహా అందరూ రావాల్సిందే. ఉపన్యాసాలుండవు. లెక్కల్లోంచి తీసేసిన (రైట్-ఆఫ్ చేసిన) పాత పుస్తకాలను బకెట్లో ముంచి తీస్తాం, ఎవరికి వాళ్లు చేత్తో ఆరబెడతారు. మెయిన్ స్విచ్ ఎక్కడుందో, ట్యాంకు వాల్వు ఎటు తిప్పాలో ఒక్కొక్కరూ వెళ్లి తిప్పి చూపించాలి. ప్రణాళిక ఇప్పుడు తెలుగులో ఒకే ఒక్క పేజీ. తలుపు వెనకాల అతికించి ఉంటుంది, ఒక కాపీ వాచ్‌మన్ గదిలో ఉంటుంది. కాంట్రాక్టు మారి కొత్తవాళ్లు వస్తే మొదటి వారంలోనే మళ్లీ నేర్పుతాం. ప్రతి పనీ కనీసం ముగ్గురికి వచ్చి ఉండాలి.

ఇంకో సంగతి. హుద్‌హుద్‌కి మా అటెండర్లలో ఇద్దరి ఇళ్ల పైకప్పులు ఎగిరిపోయాయి. పుస్తకాల కోసం వాళ్లను వెంటనే డ్యూటీకి రమ్మనడం అన్యాయం. మొదట వాళ్ల ఇంటి పరిస్థితి కనుక్కోవాలి, సెలవు ఇవ్వాలి. తక్కువ నష్టపోయినవాళ్లతో వంతులు వేసుకుని పని మొదలుపెట్టాలి. తడి పుస్తకాల మధ్య ఏకబిగిన గంటల కొద్దీ పనిచేస్తే ఒళ్లు అలిసిపోతుంది, మనసు ఇంకా అలిసిపోతుంది. గంటన్నరకోసారి టీకి లేపడం కూడా సూపర్వైజర్ బాధ్యతే. అన్నీ సర్దుకున్నాక అందరూ కూర్చుని ఏం జరిగిందో చెప్పుకోవాలి. అక్కడ తప్పు ఎవరిదన్న లెక్క పెట్టకండి. పెడితే, ఈసారి నీళ్లు కారుతున్నా ఎవరూ నోరు విప్పరు.

అపోహ: తడిసిన పుస్తకం పోయినట్టే.

కాదు. తడిసిన పుస్తకాన్ని బతికించవచ్చు, బూజు పట్టిందంటే మాత్రం చాలా కష్టం. మన వాతావరణంలో తడి కాగితానికి బూజు పట్టడానికి 48 గంటలు చాలు. కాబట్టి అసలు పోటీ గడియారంతోనే.

1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది పొంగి ఫ్లోరెన్స్ నగరాన్ని ముంచింది. అక్కడి జాతీయ గ్రంథాలయంలో లక్షల పుస్తకాలు, పత్రాలు బురదలో మునిగాయి. ఎక్కడెక్కడి నుంచో కుర్రకారు వచ్చి వరుసగా నిలబడి, ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందిస్తూ వాటిని పైకి చేర్చారు. ఆ ఊరివాళ్లు ఇప్పటికీ వాళ్లను బురదలో దేవదూతలని తలుచుకుంటారు. తడిసిన పుస్తకాలను బాగుచేయడం గురించి మనకు ఇవాళ తెలిసిన దాంట్లో ఎంతో భాగం ఆ బురదలో నేర్చుకున్నదే.

అక్టోబరు 13 ఉదయం పడిపోయిన చెట్ల మీంచి దాటుకుంటూ నడిచి లైబ్రరీకి చేరాను. రిఫరెన్స్ సెక్షన్‌లో మూలనున్న రాక్‌లో బైండు చేసిన వాల్యూములు నీళ్లు తాగి ఉబ్బి ఒకదాన్నొకటి నొక్కేసుకున్నాయి, ఇనుప రాక్ పక్క రేకు విల్లులా వంగింది. నేను ఆత్రంగా ఒకదాని వెన్ను పట్టి లాగబోయాను. ఒకప్పుడు బైండింగ్ షాపులో పనిచేసిన మా అటెండరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "లాగకండి మేడమ్, సిరిగిపోతాది" అంది. ముందు రాక్ బోల్టు వదులు చేయించి, వరుస చివరి నుంచి రెండు చేతులతో, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఒక్కొక్కటీ తీసింది. తడి పుస్తకం బరువంతా దాని కుట్టు మీద పడుతుందని ఆమెకు తెలుసు.

పద్ధతి ఇదీ. లోపలికి అడుగుపెట్టే ముందు మెయిన్ ఆఫ్ చేయాలి. మాస్కు, గ్లవ్స్ వేసుకోవాలి. మూసి ఉన్న తడి పుస్తకాన్ని బలవంతంగా తెరవకూడదు, తెరిచి ఉన్నదాన్ని మూయకూడదు. ప్లాస్టిక్ క్రేట్లలో వెన్ను కిందికి వచ్చేలా ఒకే వరుసగా పెట్టి మోయాలి. కొద్దిగా తడిసినవాటిని నిలబెట్టి, పేజీలు విసనకర్రలా కాస్త విచ్చుకునేలా ఉంచాలి. బాగా తడిసినవాటికి అక్కడక్కడా పేజీల మధ్య అచ్చు లేని తెల్ల న్యూస్‌ప్రింటు గానీ బ్లాటింగ్ పేపరు గానీ పెట్టి, మొదట్లో రెండు మూడు గంటలకోసారి మార్చాలి. పాత దినపత్రికలు పెడితే వాటి సిరా అంటుకోవచ్చు. మరీ ఎక్కువ కాగితాలు దూర్చినా వెన్ను విరుగుతుంది.

అట్లాసులు, కళల పుస్తకాలు, మెడికల్ బొమ్మల పుస్తకాల్లాంటి నిగనిగలాడే ఆర్ట్ పేపరు పుస్తకాల మీద ముందు దృష్టి పెట్టండి. ఆ కాగితం పూత తడికి జిగురులా మారుతుంది. పేజీలు అంటుకున్నట్టే ఆరిపోతే పుస్తకం ఇటుక అయిపోతుంది, తర్వాత ఎవరూ విడదీయలేరు. అవి తడిగా ఉండగానే ప్రతి పేజీ మధ్యా కాగితం పెట్టాలి, లేదా వెంటనే ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించాలి.

అపోహ: డాబా మీద ఎండలో ఆరబెడితే సరి. / అపోహ: ఫ్రీజర్‌లో పెడితే కాగితం పాడవుతుంది.

రెండూ తలకిందులు. వడియాలకు ఎండ కావాలి, పుస్తకానికి నీడా గాలీ కావాలి. ఎండలో అట్ట ఒకలా, లోపలి కాగితం ఒకలా ముడుచుకుని పుస్తకం వంకర తిరుగుతుంది, సిరా వెలుస్తుంది. ఫ్యాన్లు పెట్టండి, కానీ గాలి పుస్తకాల మీదికి కాకుండా గదిలో తిరిగేలా పెట్టండి. ఇస్త్రీపెట్టె జోలికి అసలు పోవద్దు.

గడ్డకట్టించడం విని చాలామంది కంగారుపడతారు. నిజానికి వందల పుస్తకాలు ఒకేసారి తడిస్తే గడియారాన్ని ఆపగలిగేది అదొక్కటే. మైనస్ 20 డిగ్రీల దగ్గర బూజు పెరగదు. మనం ఊపిరి పీల్చుకుని, వారాల తర్వాత కొన్ని కొన్నిగా తీసి ఆరబెట్టుకోవచ్చు. 1986 ఏప్రిల్ 29న లాస్ ఏంజెలిస్ సెంట్రల్ లైబ్రరీ కాలినప్పుడు దాదాపు 4 లక్షల పుస్తకాలు పోయాయి, ఇంకో 7 లక్షలు పొగకీ నీళ్లకీ దెబ్బతిన్నాయి. తడిసినవాటిని ఆహార పదార్థాలు దాచే కోల్డ్ స్టోరేజీలకు తరలించి గడ్డకట్టించారు. తర్వాత వాక్యూమ్ గదుల్లో ఆరబెట్టారు. అక్కడ మంచు నీరుగా మారకుండానే నేరుగా ఆవిరైపోతుంది కాబట్టి కాగితం రెండోసారి తడవదు. 1993లో ఆ లైబ్రరీ మళ్లీ తెరుచుకుంది.

ఇందులో మన ఊరికి ఒక వరం ఉంది. రొయ్యలు ఎగుమతి చేసే యూనిట్లు, వాటి కోల్డ్ స్టోరేజీలు విశాఖ చుట్టూ ఉన్నాయి. తుపాను వచ్చాక వెళ్లి అడిగితే ఎవరూ వినే స్థితిలో ఉండరు. ఎండాకాలంలోనే వెళ్లి, ఎన్ని క్రేట్లకు చోటిస్తారో, జనరేటర్ ఎంతసేపు నడుస్తుందో, ఎవరికి ఫోన్ చేయాలో మాట్లాడుకుని, కాగితం మీద సంతకాలు చేయించుకోండి. పుస్తకాలను పాలిథిన్ కవర్లలో చుట్టాకే పంపాలి. హుద్‌హుద్‌కి మాకు ఆ ఏర్పాటు లేదు. రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్యాన్లు కూడా తిరగలేదు. చేత్తో ఆరబెట్టగలిగినవే మిగిలాయి.

అపోహ: కేటలాగ్ అంతా కంప్యూటర్లో ఉంది, భయం లేదు.

మాదీ కంప్యూటర్లోనే ఉండేది. బ్యాకప్ కూడా తీసేవాళ్లం. ఆ హార్డ్ డిస్క్‌ని సర్వర్ పక్కనున్న బీరువాలోనే పెట్టాం! కిటికీ లోంచి వచ్చిన నీళ్లు రెండింటినీ ఒకేసారి తడిపాయి. పాత యాక్సెషన్ రిజిస్టర్లు, అంటే వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి చేత్తో రాసుకునే రిజిస్టర్లు, లేకపోతే, మా దగ్గర ఏ పుస్తకాలుండేవో కూడా చెప్పలేకపోయేవాళ్లం. లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌గా కోహా వాడినా, ఈ-గ్రంథాలయ వాడినా, సోల్ వాడినా ఒకటే సూత్రం: మూడు కాపీలు, రెండు రకాల నిల్వ సాధనాల్లో, అందులో ఒకటి ఊరి బయట. ఆర్నెల్లకోసారి ఆ బ్యాకప్‌ని నిజంగా తెరిచి చూడాలి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే. ప్రతి రాక్‌నీ ఫోటో తీసి పెట్టుకుంటే ఇన్సూరెన్స్‌కీ ఆడిట్‌కీ పనికొస్తుంది.

అపోహ: స్ప్రింక్లర్లు పెడితే అగ్గిపుల్ల గీసినా లైబ్రరీ అంతా తడిసిపోతుంది.

మంట వస్తే పైకప్పు నుంచి నీళ్లు చల్లే పరికరాలే స్ప్రింక్లర్లు. సినిమాల వల్ల వచ్చిన భయం ఇది. మామూలు స్ప్రింక్లర్ తలలు దేనికదే వేడికి తెరుచుకుంటాయి. సాధారణంగా మంట పైనున్న ఒకటో రెండో మాత్రమే నీళ్లు చల్లుతాయి. ఫైరింజను పైపు కొట్టే నీళ్లతో పోలిస్తే అది చాలా తక్కువ.

అపోహ: మనకు విపత్తు అంటే తుపానే.

మా లైబ్రరీలో ఎక్కువసార్లు పుస్తకాలు తడిసింది ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయి, లేదా శ్లాబు మీది ట్యాంకు పొంగి. శుక్రవారం సాయంత్రం మొదలైన చుక్క సోమవారానికి ఒక రాక్‌ని మింగేస్తుంది. అందుకే వారాంతానికి తాళం వేసే ముందు తల పైకెత్తి ఒక చుట్టు తిరగాలి. అన్నిటికంటే కింది అర నేలకు ఆరంగుళాల ఎత్తున ఉండాలి.

2020లో మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. మే 7న తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది. గ్యాస్ విషయంలో పుస్తకాల మాటే ఎత్తకూడదు. తలుపులు వదిలేసి మనుషులందరినీ గాలివాటానికి అడ్డంగా బయటికి పంపడమే. ఇంకా వెనక్కి వెళ్తే, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి, ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని కొన్నేళ్లు గుంటూరుకు మార్చాల్సి వచ్చింది. మనం ఊహించుకున్న విపత్తే రావాలని ఎక్కడా లేదు.

తుపాను విషయంలో ఒక వెసులుబాటుంది, అది చెప్పి వస్తుంది. వాతావరణ శాఖ నాలుగు దశల్లో కబురు చేస్తుంది. 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు తీరం దాటాక ఎలా ఉంటుందన్న అంచనా. పోర్టులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసేదాకా ఆగొద్దు. మొదటి కబురుకే డ్రెయిన్లు శుభ్రం చేయిస్తాం, టార్పాలిన్లు, టేపు, డీజిల్ చూసుకుంటాం. రెండోదానికి అన్ని వైపుల కిటికీల దగ్గరి పుస్తకాలూ మధ్యకు వస్తాయి. మూడోదానికి బ్యాకప్, రిజిస్టర్లు బయటికి వెళ్తాయి, స్టాఫ్ ఇళ్లకు వెళ్తారు. నాలుగో దశలో లైబ్రరీలో ఎవరూ ఉండకూడదు. ఇప్పుడు వాచ్‌మన్‌కి కూడా ఇదే నియమం.

అపోహ: అన్ని పుస్తకాలనూ కాపాడాలి.

ప్రయత్నిస్తే ఏదీ దక్కదు. సిలబస్ పుస్తకాలు రేపు కొనుక్కోవచ్చు. పాత కాలేజీ పత్రికలు, థీసిస్‌లు, ఎవరో పెద్దాయన ఇచ్చిన ఉత్తరాంధ్ర స్థానిక చరిత్ర పుస్తకాలు మళ్లీ దొరకవు. మా దగ్గర ఆ రాక్‌లకు ఎర్ర స్టిక్కర్ ఉంటుంది. చదువు రానివాళ్లకు కూడా ముందు ఏది ఎత్తాలో తెలియాలి కదా.

అపోహ: అంతా బాగయ్యాకే లైబ్రరీ తెరవాలి.

హుద్‌హుద్ వచ్చిన వారానికి, కరెంటు రాకముందే, వరండాలో నాలుగు బల్లలు వేసి పగటి వెలుతురులో రీడింగ్ రూమ్ తెరిచాం. పేపర్లు చూడటానికి జనం వచ్చారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, ఇంట్లో పుస్తకాలు తడిసినవాళ్లు వచ్చారు. వాళ్లలో కొందరు అడగకుండానే పక్కన కూర్చుని తడి పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టడం మొదలుపెట్టారు. అటెండరమ్మ వాళ్లకు చూపించింది, ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ పట్టుకోకూడదో.

ఆ మూల రాక్‌లోని వాల్యూములు ఇప్పటికీ రిఫరెన్స్ సెక్షన్‌లోనే ఉన్నాయి. అట్టలు కొంచెం వంకర, అంచుల్లో గోధుమ రంగు చారలు. మొన్న ఒక పీజీ విద్యార్థిని అందులో ఒకటి తీసుకుని సాయంత్రం దాకా నోట్స్ రాసుకుంది.