జెల్ చిక్కగా ఉంటే చాలా? ఇంటి శానిటైజర్: అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో మందులు కలిపే పని నాది. ఇంట్లో చేసిన శానిటైజర్ సీసా తెచ్చి "ఎలా కుదిరింది సార్?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందరూ చిక్కదనమే చూపిస్తారు. నేను మాత్రం ఆల్కహాల్ శాతం అడుగుతాను.

అపోహ: స్పిరిట్‌లో కలబంద గుజ్జు కలిపితే చాలు.

వాస్తవం: 70 శాతం స్పిరిట్ 100 మి.లీ.లో గుజ్జు 50 మి.లీ. పోస్తే మిగిలేది దాదాపు 47 శాతం. కనీసం 60 ఉండాలి. బ్రాందీ అయితే సీసాలోనే 42.8 శాతం, అది మొదటికే పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మిశ్రమం అసలు జెల్లే కాదు, నీళ్లలా పలచగా ఉంటుంది. 10 లీటర్లకు 96 శాతం ఇథనాల్ (శానిటైజర్‌లో పనిచేసే ఆల్కహాల్) 8,333 మి.లీ., 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417 మి.లీ., 98 శాతం గ్లిజరిన్ 145 మి.లీ., మిగతాది కాచి చల్లార్చిన నీళ్లు. పెరాక్సైడ్ మన చేతుల కోసం కాదు, సీసాలో దాగిన స్పోర్లను (గట్టి పెంకు కట్టుకుని నిద్రాణంగా ఉండే సూక్ష్మక్రిములను) చంపడానికి. అందుకే కలిపాక 72 గంటలు పక్కన పెట్టాలి. ఆ మూడు రోజులు ఆగేవాళ్లు తక్కువ. దయచేసి ఆగండి.

అపోహ: 99 శాతమైతే ఇంకా బలం.

వాస్తవం: క్రిమిలోని ప్రొటీన్ విరగాలంటే నీరు కావాలి. నీరు లేని ఆల్కహాల్ పని పూర్తికాకముందే ఆరిపోతుంది.

కొలత దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. ద్రవంలో ముంచి ఆల్కహాల్ శాతం చూసే ఆల్కహాల్ మీటర్లు సాధారణంగా 20 డిగ్రీలకు సరిచేసి ఉంటాయి. రోహిణి కార్తెలో మన వేడికి ముంచితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. ద్రవాన్ని చల్లబరిచి చూడాలి. 80 శాతం మిశ్రమం ఆవిరికి సుమారు 17.5 డిగ్రీల దగ్గరే నిప్పంటుకోగలదు, అంటే నెల్లూరులో ఏ కాలంలోనైనా. వంటగదిలో కలపకండి.

రొయ్యలు పట్టిన చేతులకూ, పొగాకు జిగురంటిన చేతులకూ సబ్బు, నీళ్లే సరి. మురికి మీద శానిటైజర్ సరిగా పనిచేయదు.

అపోహ: అదీ ఆల్కహాలే కదా, కొంచెం తాగితే ఏమవుతుంది?

వాస్తవం: 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. ఆ వార్త విన్న రోజు నేను మర్చిపోలేను. మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసినా వాసనతో పట్టుకోలేం, అది చూపు తీస్తుంది, ప్రాణమూ తీస్తుంది. ఎవరైనా తాగితే కక్కించకండి, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మనిషి మామూలుగా కనిపిస్తున్నాడని ఆగొద్దు. మిథనాల్ విషం చాలా గంటల తర్వాత బయటపడుతుంది.