జూన్‌లో అరోరా కనిపించదండీ! నార్వే ట్రిప్పు: అపోహలు - వాస్తవాలు

ఏటా ఫిబ్రవరి వచ్చిందంటే నాకు ఒకటే రకం ఫోన్లు. "పిల్లలకు మే, జూన్ సెలవులండీ. ఫియోర్డ్‌లకు రెండు రోజులు, అరోరాకు రెండు రోజులు పెట్టండి." అరోరా అంటే రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు. ఫియోర్డ్ అంటే నిటారు కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. పన్నెండేళ్లుగా నార్వేకు గ్రూపులను తీసుకెళ్తున్నాను. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, ఇక రాసి పెడుతున్నాను.

అపోహ: ఉత్తర నార్వేలోని ట్రోమ్సో వెళ్తే చాలు, ఏ నెలలోనైనా అరోరా కనిపిస్తుంది.

వాస్తవం: ముందు చీకటి పడాలి కదా! ట్రోమ్సోలో మే 20 ప్రాంతం నుంచి జులై 22 దాకా సూర్యుడు అస్తమించనే అస్తమించడు. సూర్యుడి నుంచి వచ్చే కణాలు భూమికి వంద కిలోమీటర్ల పైన గాలిని వెలిగించడం వేసవిలోనూ జరుగుతూనే ఉంటుంది. పట్టపగలు చుక్కలు కనిపించనట్టే అదీ కనిపించదు. సెప్టెంబరు చివరి నుంచి మార్చి చివరి దాకా దాని సీజన్. అప్పుడైనా మబ్బు పట్టిందా, అంతే సంగతులు. అందుకే కనీసం మూడు నాలుగు రాత్రులు ఉండమంటాను. "గ్యారంటీగా చూపిస్తాం" అనేవాళ్లకు అడ్వాన్సు ఇవ్వకండి.

ఒక జూన్‌లో నా గ్రూపు దిగిన హోటల్లోనే గుంటూరు వైపు మాస్టారొకరు భార్యతో దిగారు. రిటైరైన డబ్బుతో వచ్చారు. అరోరా ప్యాకేజీ అని ఎవరో అంటగట్టారు. రాత్రి ఒంటిగంటకు మంకీ క్యాప్ పెట్టుకుని లాబీలో కూర్చున్నారు. అద్దాల్లోంచి ఎండ మొహాన కొడుతోంది. "బాబూ, ఇక్కడ చీకటి ఎన్నింటికి పడుతుంది?" అన్నారు. ఆగస్టు నెలాఖరుకు మాస్టారూ, అని చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడు రాత్రి ఇద్దరినీ కేబుల్ కారులో కొండ మీదికి తీసుకెళ్లాను. 421 మీటర్ల ఎత్తున అర్ధరాత్రి సూర్యుణ్ణి చూసి అమ్మగారు దణ్ణం పెట్టుకున్నారు. ఆయన వాచీ చూసుకుంటూనే ఉన్నారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

పడమటి తీరాన ఉన్న బెర్గెన్‌ నగరంలో దిగితే ఫియోర్డ్ చూసినట్టే అనుకోకండి. అసలు మజా దారిలో ఉంది. రాజధాని ఓస్లో నుంచి రైల్లో మిర్డాల్ స్టేషన్‌కు వచ్చి, ఫియోర్డ్ ఒడ్డునున్న ఫ్లామ్ ఊరికి వెళ్లే రైలు ఎక్కండి. 20 కిలోమీటర్లలో 860 మీటర్లకు పైగా కిందికి దించుతుంది. ఫ్లామ్ నుంచి గుడ్వాంగెన్‌కు పడవలో వెళ్తే నేరోయ్ ఫియోర్డ్ వస్తుంది. ఇరుకైన చోట వెడల్పు 250 మీటర్లే. ఒక్కరోజులో బెర్గెన్ చేరిపోవచ్చు, కానీ ఫ్లామ్‌లో ఓ రాత్రి ఆగండి. బెర్గెన్‌లో ఏడాదికి 200 రోజులకు పైగానే వాన. జులై అయినా రెయిన్‌కోటు వదలొద్దు.

యూరోలు మార్చుకుని వెళ్లకండి. నార్వే, స్వీడన్, డెన్మార్క్‌లవి ఎవరి క్రోన్‌లు వాళ్లవి. కార్డు చాలు.

నార్వే ఈయూలో లేదని వీసా టెన్షన్ పడేవాళ్లు చాలామంది. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా సరిపోతుంది. బాగా ఉత్తరాన ఉన్న నార్వే దీవులు స్వాల్‌బార్డ్ మాత్రం షెంజెన్ బయట. అక్కడికి వెళ్లి తిరిగి రావాలంటే డబుల్ ఎంట్రీ, అంటే రెండుసార్లు లోపలికి రానిచ్చే వీసా ఉండాలి.

తిండి సామాను సంగతి. మన దేశం నుంచి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి నార్వేకు తీసుకెళ్లకూడదు. నేతి సీసా, పాలకోవా ఇంట్లోనే వదిలేయండి. ఆవకాయ మాత్రం రెండు కవర్లలో గట్టిగా కట్టండి. నా సూట్‌కేసు ఇప్పటికీ నూనె వాసనే.