ఒక్క మిల్లీమీటరు వాపు

"అదే జలుబు నాకు నాలుగు తుమ్ములతో పోయింది. ఏడాది బాబు మాత్రం అర్ధరాత్రి లేచి కుక్క మొరిగినట్టు దగ్గుతూ ఊపిరాడక అల్లాడిపోయాడు. ఎందుకని?" అని ఒక తల్లి అడిగారు.

దాన్ని క్రూప్ అంటారు, స్వరపేటిక దగ్గర గాలిగొట్టం లోపలివైపు వాచిపోవడం. తెచ్చేది ఎక్కువగా పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్. వైరస్ సంగతి అంతటితో వదిలేసి, అసలు కీలకమైన గొట్టం లెక్క చూద్దాం.

1840ల్లో ఫ్రెంచి వైద్యుడు ప్వాజయ్ సన్నటి గాజు గొట్టాల్లో నీళ్లు పారించి కొలిచాడు. గొట్టం వ్యాసార్ధం సగమైతే ప్రవాహానికి అడ్డు రెండింతలు కాదు, ఏకంగా 16 రెట్లవుతుందని తేలింది. నాలుగో ఘాతం మరి, అంటే 2×2×2×2! మన కాలేజీల్లో ఈ సూత్రాన్ని బట్టీ పట్టించి వదిలేస్తారు. పసివాడి గొంతు చూపించి చెబితే జన్మలో మర్చిపోరు.

లెక్క కోసం పసివాడి గాలిగొట్టం వ్యాసం 4 మిల్లీమీటర్లనుకోండి. లోపల చుట్టూ 1 మిల్లీమీటరు వాస్తే మిగిలేది 2. అడ్డు 16 రెట్లు. అదే వాపు 8 మిల్లీమీటర్ల గొట్టంలో వస్తే అడ్డు పెరిగేది మూడు రెట్లే. బిడ్డ ఏడిస్తే గాలి వేగం పెరిగి సుడులు తిరుగుతుంది. అప్పుడు లెక్క ఐదో ఘాతానికి ఎక్కుతుంది, అంటే 32 రెట్లు! అందుకే క్రూప్ బిడ్డను అమ్మ ఒళ్లోనే ఉంచి చూస్తారు, బలవంతంగా నోరు తెరిపించరు. డొక్కలెగరేసే బిడ్డ పొట్ట మీద వాతలు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ ఏడుపుతో ఉన్న కాస్త దారీ మూసుకుపోతుంది. ఆవిరి పట్టడం వల్లా ఫలితం కనబడలేదు, పైగా కాలే ప్రమాదం.

వాపు వచ్చే చోటు కూడా ఇరుకే. స్వరపేటిక అడుగున ఉండే క్రికాయిడ్ మృదులాస్థి గాజులా పూర్తి చుట్టు. దాని కింద శ్వాసనాళపు వలయాలు వెనకవైపు తెరిచి ఉంటాయి, దీనికి ఆ వెసులుబాటు లేదు. వాపు లోపలికే పెరగాలి. పైగా గాలి పీల్చినప్పుడు మెడలోని గొట్టంలో ఒత్తిడి తగ్గి గోడలు దగ్గరికి లాగుకుంటాయి. క్రూప్‌లో కీచుమనే శబ్దం పీల్చేటప్పుడు రావడానికి కారణమిదే. ఆర్‌ఎస్‌వి అనే మరో వైరస్ ఛాతీలోపలి చిన్న గొట్టాలను పట్టుకుంటే తీరు తిరగబడుతుంది, పిల్లికూతలు ముఖ్యంగా వదిలేటప్పుడు వినిపిస్తాయి.

బిడ్డ కుదురుగా ఉన్నప్పుడూ ఆ కీచు వినబడుతుంటే, డొక్కలు లోపలికి పోతుంటే, పెదాలు నీలం తిరిగితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అక్కడ వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు డెక్సామెథసోన్ ఒక మోతాదు ఇస్తారు. అది పనిచేయడానికి గంటలు పడుతుంది. తీవ్రంగా ఉంటే మందును సన్నని తుంపరగా పీల్పించే నెబ్యులైజర్‌లో అడ్రినలిన్ పెడతారు, రక్తనాళాలు ముడుచుకుని నిమిషాల్లో వాపు దిగుతుంది. దాని ప్రభావం సుమారు రెండు గంటలే కాబట్టి బిడ్డ తేరుకున్నా వెంటనే ఇంటికి పంపరు. ప్వాజయ్ లెక్క ఇక్కడ మనవైపు తిరుగుతుంది. 2 మిల్లీమీటర్ల దారి 3 అయితే చాలు, అడ్డు ఐదో వంతుకు పడిపోతుంది.