ఒంటి చక్రం ముందా, వెనకా?

కారులో ఒక్కరే ఆఫీసుకు వెళ్తున్నారనుకోండి. మనిషి 70 కిలోలు, కారు 1,100 కిలోలు. పెట్రోలులో సింహభాగం ఖర్చయ్యేది మిమ్మల్ని మోయడానికి కాదు, కారు తనను తాను మోసుకోవడానికి. సిగ్నల్ పడ్డ ప్రతిసారీ ఆ ఇనుమునంతా ఆపాలి, మళ్లీ కదిలించాలి. బరువు తగ్గించడానికి నాలుగు చక్రాల్లో ఒకటి తీసేస్తే దానితోపాటు దాని బ్రేకూ, సస్పెన్షనూ పోతాయి. పైగా ఒంటి చక్రం వెనక ఉంటే, గాలి అడ్డు తగ్గేలా బండిని వెనక్కి సన్నబడేలా మలచవచ్చు.

మూడు చక్రాలనగానే మనకు ఆటో, వెంటనే బోల్తా భయం గుర్తొస్తాయి. ఆ భయం సగమే నిజం. చక్రాలు నేలను తాకే మూడు చోట్లను కలిపితే ఒక త్రిభుజం వస్తుంది. మలుపులో బండిని బయటికి నెట్టే బలమూ, దాని బరువూ కలిసి లాగే దిశ ఆ త్రిభుజం అంచు దాటితే బండి పడిపోతుంది. ఆటోలో ఒంటి చక్రం ముందుంది. మలుపు మధ్యలో బ్రేకు తొక్కితే బరువు ముందుకు, అంటే త్రిభుజం ఇరుకుగా ఉన్న మూలకే వెళ్తుంది. మలుపుకు ముందే స్పీడు తగ్గించమనేది అందుకే. అదే త్రిభుజాన్ని తిరగేసి ముందు రెండు, వెనక ఒకటి పెట్టండి. బ్రేకు వేసినప్పుడు బరువు వెడల్పు వైపుకే పోతుంది. అయితే వెనక సీటులో ముగ్గురిని ఎక్కించుకుని ఇరుకు సందుల్లో తిరిగే ఆటోకు పాత అమరికే నప్పుతుంది.

ముందు రెండు, వెనక ఒకటి పద్ధతికి చక్కని ఉదాహరణ జర్మనీది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విమానాల తయారీపై నిషేధం పడటంతో మెసర్‌ష్మిట్ కంపెనీ వేరే పని వెతుక్కుంది. వికలాంగుల కోసం చిన్న బళ్లు చేస్తున్న ఇంజనీరు ఫ్రిట్జ్ ఫెండ్ డిజైన్‌తో 1953లో కేఆర్175, 1955లో కేఆర్200 తెచ్చింది. రెండోదాని బరువు సుమారు 230 కిలోలు, ఇంజిన్ 191 సీసీ. ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. పక్క తలుపు లేదు, పైకప్పునే పక్కకు ఎత్తి లోపలికి దిగాలి. నాకు బాగా నచ్చేది దాని రివర్స్. అందుకు విడిగా గేరు లేదు. ఇంజిన్ ఆపి, తాళంచెవిని ఇంకాస్త లోపలికి నొక్కి స్టార్ట్ చేస్తే ఇంజినే వెనక్కి తిరుగుతుంది. ఆ రకం టూ-స్ట్రోక్ ఇంజిన్ ఎటువైపైనా తిరగగలదు కాబట్టి అది కుదిరింది. దాంతో వెనక్కి పోవడానికీ నాలుగు గేర్లు! ఆ నాలుగోది వేసే ధైర్యం ఎవరికుందో మరి.

బ్రిటన్‌లో కథ వేరు. అప్పట్లో అక్కడ తేలికపాటి మూడు చక్రాల బండికి మోటార్‌సైకిల్ పన్నే ఉండేది, నడపడానికి మోటార్‌సైకిల్ లైసెన్సు సరిపోయేది. 1973లో వచ్చిన రిలయంట్ రాబిన్‌కు ఒంటి చక్రం ముందే ఉన్నా జనం కొన్నారు. దాని అసలు డిజైనరు పన్నుల చట్టమేనంటాను. మరోపక్క 1959లో నలుగురు కూర్చునే చవక కారు మినీ రావడంతో బుడ్డ బళ్లకు గిరాకీ తగ్గింది. కేఆర్200 తయారీ 1964లో ఆగిపోయింది.

ఇప్పుడు అమెరికాలో ఆప్టెరా అనే సోలార్ బండి ముందు రెండు, వెనక ఒకటి అమరికతోనే వస్తానంటోంది. దాని డ్రాగ్ కోఎఫిషియంట్, అంటే ఆకారం వల్ల గాలి ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె, 0.13 అని కంపెనీ మాట. మామూలు కార్లలో చాలావాటికి ఇది 0.25 నుంచి 0.35 దాకా ఉంటుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది కనుక హైవే మీద ఈ తేడా చాలా పెద్దది. కానీ హైవే మీదే లారీలూ ఉంటాయి. రెండు బళ్లు ఢీకొన్నప్పుడు తేలిక బండి వేగమే ఎక్కువగా, ఒక్కసారిగా మారిపోతుంది, ఆ దెబ్బంతా లోపలి మనిషికే. అమెరికాలో ఇలాంటి బళ్లు మోటార్‌సైకిళ్ల లెక్కలోకి వస్తాయి, కార్లకు పెట్టే క్రాష్ టెస్టులు వీటికి తప్పనిసరి కావు. గంటకు 40 కిలోమీటర్లు దాటని సిటీ రోడ్ల మీదైతే నేను నిశ్చింతగా ఎక్కుతాను. హైవేకి మాత్రం, ఆ టెస్టుల ఫలితాలు చూశాకే.