ఫరక్కా తగువు: ఆ 41 రోజుల్లో పడిన ముడి

భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య గంగా జలాల ఒప్పందానికి 2026 డిసెంబరు 12తో ముప్పై ఏళ్ళ గడువు తీరుతుంది. అందుకే పశ్చిమ బెంగాల్‌లో గంగ మీద ఉన్న ఫరక్కా బరాజ్ మళ్ళీ వార్తల్లోకి వచ్చింది. దేశ విభజన, బంగ్లా విముక్తి పోరాటం అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నా లెక్కలో ఈ తగువుకు ముడి పడింది 1975 ఏప్రిల్ 21న.

అప్పటికి బంగ్లాదేశ్ పుట్టి నాలుగేళ్ళు కూడా నిండలేదు. సరిహద్దుకు 20 కిలోమీటర్లు కూడా లేని ఫరక్కా దగ్గర మనం బరాజ్ కట్టాం. అక్కడి నుంచి కలకత్తా మీదుగా పారే హుగ్లీకి నీళ్ళు తీసుకెళ్ళే ఫీడర్ కాలువ సరిగ్గా పారుతుందో లేదో చూడాలి, కొన్నాళ్ళు నీళ్ళు వదిలి చూస్తామని ఢిల్లీ అడిగింది. షేక్ ముజీబ్ ప్రభుత్వం సరేనంది. ఏప్రిల్ 21 నుంచి మే 31 దాకా, 41 రోజులు. మొదటి పది రోజులు 11,000 క్యూసెక్కులు, పెంచుకుంటూ పోయి చివరికి 16,000.

మే 31 దాటింది. ఆగస్టు 15న ముజీబ్ హత్యకు గురయ్యారు. మరుసటి వేసవికి రెండు దేశాల మధ్య ఏ కాగితమూ లేదు. అయినా కాలువలోకి నీళ్ళు వెళ్తూనే ఉన్నాయి. ట్రయల్ కోసమని ఇచ్చిన అనుమతి అలా ఏటా తీసుకునే వాటాగా మారిపోయింది. ఢాకా ఈ సంగతిని ఇప్పటికీ మర్చిపోలేదు.

మా ఊరు కోనసీమలో కాలువకు చిట్టచివర ఉంటుంది. అందుకే నాకు ఇది దూరపు కథలా అనిపించదు. దాళ్వాలో ఫిబ్రవరి దాటితే నీళ్ళు వంతులవారీగా ఇచ్చేవారు. మా వంతు వచ్చిన రాత్రి నాన్న టార్చిలైటు పట్టుకుని బోదె గట్టు మీద కూర్చునేవాడు. నీళ్ళు వచ్చే ముందు బోదె అడుగున ఎండుటాకులు మెల్లగా కదిలేవి. అవి కదలగానే పార అందుకునేవాడు. కదలని రాత్రులూ చాలా ఉండేవి. పైఊళ్ళో ఎవరో తూముకు అడ్డం పెట్టారని తెల్లారాక తెలిసేది. నీళ్ళు తక్కువ వచ్చాయన్నదాని కన్నా, వస్తాయని నమ్మి నాట్లు వేశామన్న బాధే ఆయనకు ఎక్కువగా ఉండేది.

పైన నీళ్ళు తగ్గితే శివారుకు ఇంకో ముప్పు ఉంది. పోటు సమయంలో సముద్రం ఎగదన్నుతుంది. గౌతమి, వైనతేయల ఒడ్డున ఉండేవాళ్ళు వేసవిలో నీళ్ళు నోట్లో పోసుకుని ఉప్పదనం చెప్పేయగలరు. బంగ్లాదేశ్‌లో ఖుల్నా వైపు జరిగిందీ ఇదే. గంగ నుంచి అటు మంచినీళ్ళు తీసుకెళ్ళే గొరాయ్ పాయ మొగ వేసవిలో పూడిపోవడంతో ఉప్పునీరు లోపలికి చొచ్చుకొచ్చింది. సుందర్బన్‌లో సుందరి చెట్లు తలల నుంచి ఎండిపోవడానికి ఈ ఉప్పు కూడా ఒక కారణమంటారు. మనం పులస అని మురిసిపోయే చేపే అక్కడి ఇలిశ్. ఫరక్కా కట్టక ముందు అది అలహాబాద్ దాకా ఎదురీదేది.

గంగకు అడ్డుకట్ట వేసి హుగ్లీకి నీళ్ళు మళ్ళించాలని 1850ల్లోనే సూచించింది మన కాటన్ దొరే. ధవళేశ్వరం ఆనకట్ట నదిలో నీటిని డెల్టా పొలాలకు పంచింది. ఫరక్కా మాత్రం డెల్టాలో ఒక పాయ నుంచి నీళ్ళు తీసి మరో పాయకు ఇచ్చింది. కలకత్తా రేవులో మేట వేస్తున్న మాట నిజం, దాన్ని కడగడానికి 40,000 క్యూసెక్కులు కావాలన్నది మన ప్రభుత్వ వాదన. నీళ్ళు మళ్ళించి యాభై ఏళ్ళు దాటినా రేవుకు డ్రెడ్జింగ్ తప్పడం లేదు. పైగా ఫరక్కా వల్ల తమకు పూడిక, వరదలు పెరిగాయని, దాన్ని తీసేయాలని 2016లో బిహార్ ముఖ్యమంత్రి నితీశ్ కుమారే అడిగారు.

1976 మే 16న బంగ్లాదేశ్ నాయకుడు మౌలానా భాసానీ తొంభై ఏళ్ళు దాటిన వయసులో రాజ్‌షాహీ నుంచి సరిహద్దు వైపు వేలమందితో నడిచారు. అదే ఏడాది బంగ్లాదేశ్ ఐక్యరాజ్యసమితికి వెళ్ళింది. 1977 నవంబరులో ఐదేళ్ళ ఒప్పందం కుదిరింది. నదిలో నీళ్ళు ఎంత తగ్గినా బంగ్లాదేశ్‌కు రాసిచ్చిన వాటాలో 80 శాతానికి తగ్గకూడదని అందులో ఒక షరతు ఉండేది. 1982లో ఆ షరతు ఎగిరిపోయింది. 1988 తర్వాత అసలు ఒప్పందమే లేకుండా పోయింది. 1993 మార్చిలో పద్మ (బంగ్లాదేశ్‌లో గంగ పేరు) మీద హార్డింజ్ వంతెన దగ్గర ప్రవాహం 10,000 క్యూసెక్కుల కన్నా కిందికి పడిపోయింది.

1996లో దేవెగౌడ, షేక్ హసీనా సంతకాలు చేసిన ఒప్పందం చదువుతుంటే నాకు మా కాలువే గుర్తొచ్చింది. మార్చి 11 నుంచి మే 10 దాకా పదేసి రోజుల చొప్పున వంతులు, ఎవరి వంతులో వాళ్ళకు ఖాయంగా 35,000 క్యూసెక్కులు. అయితే ఆ లెక్కలన్నీ 1949 నుంచి 1988 దాకా ఉన్న సగటు ప్రవాహం మీద వేసినవి. అమల్లోకి వచ్చిన తొలి వేసవిలోనే, 1997లో, అన్ని నీళ్ళు రాలేదు. 50,000 కన్నా తగ్గితే వెంటనే కూర్చుని మాట్లాడుకుందామని రాసుకున్నారు. 80 శాతం షరతు మాత్రం తిరిగి రాలేదు.

2024 జూన్‌లో ఒప్పందం పొడిగింపుపై చర్చలు మొదలుపెడతామని ఢిల్లీ, ఢాకా ప్రకటించగానే, తమను అడగకుండా ఎలా అంటూ మమతా బెనర్జీ ప్రధానికి లేఖ రాశారు. రెండు దేశాల్లోనూ పారే మరో నది తీస్తాపై ఒప్పందం 2011లో ఆగిపోయింది కూడా ఆమె అభ్యంతరంతోనే. ఆగస్టులో హసీనా దేశం విడిచి వెళ్ళారు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్‌తో ఉన్న సింధు ఒప్పందాన్ని మనం పక్కన పెట్టాం. పహల్గాం దాడి తర్వాత తీసుకున్న నిర్ణయమది, కారణం వేరు. కానీ దిగువన ఉన్న దేశం ఆ వార్త విని, రేపు మన సంగతేమిటని టెన్షన్ పడకుండా ఎలా ఉంటుంది? రెండు నెలలు తిరక్కుండానే బంగ్లాదేశ్ ఐక్యరాజ్యసమితి నీటి ఒడంబడికలో చేరింది.

ఇప్పుడు ఢాకా పట్టుబడుతున్న ముఖ్యమైన విషయాల్లో గ్యారంటీ ఒకటి. నీళ్ళు తగ్గిన ఏడాది కూడా ఇంతకు తగ్గకుండా వదులుతామని కాగితం మీద రాసివ్వమంటోంది. 1977లో మనం ఒకసారి రాసిచ్చిందే అది.