మగిందనావ్ గవర్నర్ కుర్చీ: మనీలా ఇచ్చిన పెత్తనం

దక్షిణ ఫిలిప్పీన్స్‌లోని మిందనావ్ దీవిలో 2009 నవంబర్ 23న బులువాన్ పట్టణం నుంచి కొన్ని వాహనాలు షరీఫ్ అగ్వాక్‌కు బయలుదేరాయి. మగిందనావ్ ప్రావిన్స్ గవర్నర్ పదవికి పోటీ చేయదలచిన ఎస్మాయెల్ మంగుదదాతు తరఫున నామినేషన్ వేయాలి. చంపుతామని బెదిరింపులు వచ్చాయి. అందుకే ఆయన తాను వెళ్లకుండా భార్యను, అక్కచెల్లెళ్లను, లాయర్లను పంపాడు. వాళ్ల వెంట విలేకరులూ వెళ్లారు. ఆడవాళ్ల మీద, విలేకరుల మీద ఎవరూ చెయ్యి వేయరని నమ్మాడు. సాయుధులు వాళ్లను దారిలో అడ్డగించి కొండ మీదికి తీసుకెళ్లి కాల్చి చంపారు. ఆ వరుసలో ప్రయాణిస్తున్నందుకు, ఈ రాజకీయాలతో ఏ సంబంధమూ లేని బాటసారులు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. మొత్తం 58 మంది. వారిలో 32 మంది పత్రికా రంగంవాళ్లు. శవాలను పూడ్చడానికి వాడిన తవ్వకం యంత్రం ప్రావిన్స్ ప్రభుత్వానిదే.

ఒక్క పదవి కోసం ఇంత ఘాతుకమా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ పదవి ఎలాంటిదో, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

గవర్నర్ అనగానే మనకు రాజ్‌భవన్ గుర్తొస్తుంది. ఫిలిప్పీన్స్‌లో గవర్నర్‌ను మూడేళ్లకోసారి జనమే ఓటేసి ఎన్నుకుంటారు. ప్రావిన్స్ అంటే దాదాపు మన జిల్లా లాంటిది. జిల్లా కలెక్టర్ అధికారాన్నీ జడ్పీ చైర్మన్ పలుకుబడినీ ఒకే మనిషి చేతికిస్తే ఎలా ఉంటుందో గవర్నర్ స్థానం కాస్త అలా ఉంటుంది. రాజధాని మనీలాలోని కేంద్ర ప్రభుత్వం నుంచి వచ్చే నిధుల వాటా ఆయన సంతకంతోనే కదులుతుంది. వరుసగా మూడు పర్యాయాలకు మించి ఉండకూడదనేది నియమం. అయితే ఆ నియమం మనిషికే, కుటుంబానికి కాదు. 2009లో జరిగినదానికి ఒక మూలం ఇక్కడే ఉంది.

స్పెయిన్ మూడు శతాబ్దాలకు పైగా ఈ దీవులను ఏలినా మగిందనావ్ సుల్తాన్లను మాత్రం పూర్తిగా లొంగదీసుకోలేకపోయింది. పదిహేడో శతాబ్దంలో సుల్తాన్ కుదరత్ స్పానిష్ సేనలను ఎదిరించి నిలిచాడు. సుల్తాన్ కింద, పక్కన దాతులనే స్థానిక దొరలు ఉండేవారు. ఊళ్ల మీద, నేల మీద, మనుషుల మీద వాళ్లదే మాట. స్పెయిన్ తరువాత వచ్చిన అమెరికన్లు 1903లో మోరో ప్రావిన్స్‌ను (మోరోలంటే దక్షిణాది ముస్లింలు) ఏర్పాటు చేసి, సైనికాధికారి లెనార్డ్ వుడ్‌ను తొలి గవర్నర్‌గా కూర్చోబెట్టారు. దాతు అలీ తిరగబడ్డాడు, 1905లో అమెరికన్ల చేతిలో చనిపోయాడు. దాతు పియాంగ్ వాళ్లతో చేతులు కలిపాడు, కోటబాటో లోయలో పెద్ద ధనవంతుడయ్యాడు. కొండలూ చిత్తడి నేలలూ నిండిన ఆ లోయను నేరుగా ఏలడం కంటే, తమ మాట వినే దాతుకు అండగా నిలిచి అతని చేత పని చేయించుకోవడం పైవాళ్లకు సులువు. ఈ బేరం అమెరికన్లతో పోలేదు. మనీలా దాన్ని యథాతథంగా అందిపుచ్చుకుంది.

1914లో కోటబాటో ప్రావిన్స్ ఏర్పడింది. దేశంలోని చాలా ప్రావిన్సులు గవర్నర్లను ఎన్నుకుంటున్నా, ఇక్కడివారిని 1950ల మధ్యదాకా పైనుంచే నియమించారు. ముస్లింలకు పాలన చేతకాదన్న చిన్నచూపు ఆ నియామకాల వెనుక ఉందనే నా నమ్మకం. యుద్ధకాలంలో జపనీయులపై గెరిల్లా పోరు నడిపిన దాతు ఉద్‌తోగ్ మతలం అలా గవర్నరై, తరువాత ఓట్లతోనూ గెలిచి, చాలాకాలం ఆ కుర్చీలో ఉన్నాడు.

ఆ కాలంలోనే లోయ ముఖం మారిపోయింది. ప్రభుత్వం 1939 నుంచి లూజాన్, విసాయాస్ దీవుల క్రైస్తవ కుటుంబాలను భూములిచ్చి మరీ ఇక్కడికి తరలించింది. యుద్ధం తరువాత ఆ వలస వరదలా పెరిగింది. కాగితం మీద పట్టా లేని ముస్లిం రైతులు, కొండజాతులవాళ్లు తాతల నాటి పొలాలు పోగొట్టుకున్నారు. 1968 మార్చిలో కొరెహిడార్ దీవిలో సైనిక శిక్షణలో ఉన్న ముస్లిం యువకులను సొంత సైన్యమే చంపిందన్న వార్త బయటపడింది. జబిదా అన్న ఆ దళం పేరును అక్కడివారు ఇప్పటికీ మరచిపోలేదు. ఆ మే నెలలోనే మతలం ముస్లిం స్వాతంత్ర్య ఉద్యమాన్ని ప్రకటించాడు. గవర్నర్‌గా జీవితమంతా మనీలాతో సర్దుకుపోయిన మనిషే విడిపోతామన్నాడు! అధ్యక్షుడు మార్కోస్ ఆయన్ను పిలిచి సలహాదారు పదవి ఇచ్చి చల్లబరిచాడు గానీ, ఆ నినాదం అప్పటికే కుర్రకారు చేతుల్లోకి వెళ్లిపోయింది.

1971లో లోయ రగిలింది. ఇలాగా అనే క్రైస్తవ ముఠాలు, ముస్లిం సాయుధులు ఊళ్లు తగలబెట్టుకున్నారు. జూన్‌లో మనీలి గ్రామ మసీదులో ముస్లింలను ఊచకోత కోశారు. ఆ ఏటి ఎన్నికల్లో కోటబాటో గవర్నర్ పదవి కాన్‌స్టాబ్యులరీ (సాయుధ పోలీసు దళం) అధికారి కార్లోస్ కహేలోకు దక్కింది. తరతరాలుగా దాతుల చేతిలో ఉన్న కుర్చీ వలస వచ్చినవారి ఓట్లతో చేయి మారింది. మరుసటి ఏడు మార్కోస్ సైనిక చట్టం విధించాడు. 1973 నవంబర్‌లో పాత కోటబాటోను ముక్కలు చేస్తే ఉత్తర కోటబాటో, సుల్తాన్ కుదరత్‌లతో పాటు మగిందనావ్ పుట్టింది. ఎక్కడ ఎవరు ఎక్కువమందో లెక్క చూసుకుని గీసిన గీతలవి. తొలి గవర్నర్ సిమియన్ దాతుమనాంగ్. ఎన్నికలు లేని రోజులు కాబట్టి నియామకమే.

1986లో మార్కోస్ పడిపోయాక కొరాజాన్ అకినో ప్రభుత్వం ఊరూరా తాత్కాలిక మేయర్లను నియమించింది. మగనోయ్ అనే ఊళ్లో ఆ అవకాశం ఆందాల్ అంపటువాన్‌కు దక్కింది. మగనోయ్‌యే తరువాత షరీఫ్ అగ్వాక్ అయింది. ఆయన 2001లో గవర్నర్‌గా గెలిచాడు. ఆ ఎనిమిదేళ్లూ బాగా చూడాలి.

మనీలాకు ఆయనతో రెండు అవసరాలు. మోరో ఇస్లామిక్ విమోచన సేన అనే తిరుగుబాటు సంస్థ అడవుల్లో బలంగా ఉంది, దానికి అడ్డుగా స్థానిక తుపాకులు కావాలి. అధ్యక్షురాలు గ్లోరియా అరోయోకు ఓట్లూ కావాలి. 2006లో అరోయో జారీ చేసిన కార్యనిర్వాహక ఉత్తర్వు 546 పౌర సహాయక దళాలకు ఆయుధాలిచ్చే దారి తెరిచింది. మగిందనావ్‌లో ఆ దళాలంటే ఆచరణలో అంపటువాన్ల సొంత సైన్యమే. ఓట్ల సంగతి మరీ ఘోరం. 2004 అధ్యక్ష ఎన్నికల్లో దేశమంతా ఎరిగిన నటుడు ఫెర్నాండో పో జూనియర్‌కు ఇక్కడి కొన్ని పట్టణాల్లో ఒక్క ఓటూ రాలేదన్నారు. 2007 సెనేట్ ఎన్నికల్లో పన్నెండు స్థానాలకూ అరోయో పక్షం అభ్యర్థులే ఈ ప్రావిన్సులో ముందున్నట్టు లెక్క చూపారు. ఆ మోసాన్ని బయటపెట్టిన పాఠశాల పర్యవేక్షకుడు మూసా దిమాసిద్‌సింగ్‌ను ఆ జూన్‌లో కాల్చి చంపారు. అలా గెలిచిన సెనేటర్లలో ఒకరైన మిగెల్ జుబిరి నాలుగేళ్లకు రాజీనామా చేయగా, ఆ సీటు ప్రత్యర్థి కోకో పిమెంటెల్‌కు దక్కింది. అప్పటికి మూసా చనిపోయి నాలుగేళ్లు.

ఆందాల్ కొడుకు జాల్దీ 2005లో మగిందనావ్ కూడా భాగమైన ముస్లిం స్వయంపాలిత ప్రాంతానికే గవర్నరయ్యాడు. కొత్త పట్టణాలు పుట్టుకొచ్చాయి, వాటి మేయర్లుగా కొడుకులు, బంధువులు కుదురుకున్నారు. తండ్రి మూడు పర్యాయాల గడువు అయిపోవడంతో వారసుడిగా ఆందాల్ జూనియర్‌ను నిలబెట్టాలనుకున్నారు. అప్పటిదాకా తమతోనే ఉన్న మంగుదదాతు కుటుంబం ఎదురు నిలిచింది. మారణకాండకు తక్షణ కారణం అదే. నా దృష్టిలో అంతకంటే పెద్ద కారణం ఎనిమిదేళ్లుగా ఎవరూ అడగకపోవడం. మనీలాలో ప్రతి ఒక్కరికీ తెలుసు.

అరోయో డిసెంబర్‌లో కొన్ని రోజులపాటు సైనిక చట్టం విధించింది. అంపటువాన్లు అరెస్టయ్యారు. విచారణ పదేళ్లు సాగింది. పెద్ద ఆందాల్ 2015లో నిర్బంధంలోనే చనిపోయాడు. 2019 డిసెంబర్ 19న న్యాయమూర్తి జోసెలిన్ సోలిస్-రేయెస్ 57 హత్యలకు ఆందాల్ జూనియర్, జాల్దీ సహా ప్రధాన నిందితులకు యావజ్జీవ శిక్ష వేశారు. 58వ వ్యక్తి ఫొటో జర్నలిస్టు. ఆయన మృతదేహం దొరకలేదు కాబట్టి ఆ హత్య లెక్కలోకి రాలేదు. తీర్పు నాటికి సుమారు 80 మంది నిందితులు ఇంకా పరారీలో ఉన్నారు.

2010లో మంగుదదాతు గవర్నరయ్యాడు, మూడు పర్యాయాలూ పూర్తి చేశాడు. పాలనా కేంద్రం ఆయన సొంత ఊరు బులువాన్‌కు వెళ్లింది. 2019లో ఆ కుటుంబంలోని మరో శాఖకు చెందిన మరియం సంకి-మంగుదదాతు గెలిచారు, 2022లో ఎస్మాయెల్‌నే ఓడించారు. ఒక వంశం పోయి మరో వంశం వచ్చిందని పెదవి విరిచేవారున్నారు. కాదనలేను. కానీ పోలింగ్ కేంద్రంలో ఓడిన అభ్యర్థి ప్రాణాలతో ఇంటికెళ్లడం అక్కడ చిన్న విషయం కాదు.

2021లో చేసిన చట్టం ప్రావిన్సును ఉత్తర, దక్షిణ మగిందనావ్‌లుగా విడగొట్టింది. జనాభిప్రాయ సేకరణ 2022 ఎన్నికలకు ముందే జరుగుతుందన్న అంచనాతో దాన్ని రాశారు. తీరా అది ఎన్నికలయ్యాక సెప్టెంబర్ 17న జరిగింది, దాంతో కొత్త ప్రావిన్సుల కుర్చీ ఎవరిదన్నది చిక్కుముడి అయింది. అవునన్నవారు 7 లక్షలకు పైగా, కాదన్నవారు 5 వేల చిల్లర. వైస్ గవర్నర్ ఐనీ సిన్సువాత్ ఉత్తరానికి తాత్కాలిక గవర్నర్‌గా బాధ్యతలు తీసుకున్నారు. ఆమె నియమించదలచిన కోశాధికారిని కేంద్రం ఒప్పుకోలేదు, నిధులు ఆగిపోయాయి. 2023 ఏప్రిల్‌లో అధ్యక్షుడు మార్కోస్ జూనియర్ మాజీ తిరుగుబాటు సైన్యాధ్యక్షుడు అబ్దుల్‌రావూఫ్ మకాకువాను ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. కోశాధికారి వివాదంలో సుప్రీంకోర్టు జూన్‌లో సిన్సువాత్ పక్షాన తీర్పిచ్చింది. అప్పటికే కుర్చీ మకాకువాది. నియామకంతో మొదలైన చరిత్ర మళ్లీ నియామకానికే వచ్చింది.

2025 మే ఎన్నికల్లో ఉత్తరాన తుకావ్ మస్తురా, దక్షిణాన అలీ మిద్తింబాంగ్ గెలిచారు. తుపాకుల లెక్క మాత్రం తేలలేదు. 2014 శాంతి ఒప్పందం ప్రకారం 40 వేల మంది మోరో యోధులు ఆయుధాలు దించాలి. 26 వేల మందికి పైగా దించారు. ప్రభుత్వం ఇస్తామన్న బతుకుతెరువు సాయం అందలేదంటూ మిగిలిన 14 వేల మంది విషయంలో మోరో ఇస్లామిక్ విమోచన సేన 2025 జులైలో ఆ ప్రక్రియను ఆపేసింది. కుటుంబాల ప్రైవేటు సైన్యాలు ఆ లెక్కలో లేనే లేవు.